కారు ఏసీలో చిన్న ముక్క - కొలిచి చూసే పద్ధతి

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం నాడు అద్దంకిలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో విద్యుత్ శాఖ విశ్రాంత సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం.)



1982 డిసెంబరు 17న నకారా గారి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకొని ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాం. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు వచ్చే హక్కు అని ఆ తీర్పు చెప్పింది. నాకు ముందు మాట్లాడిన మిత్రులు కరువు భత్యం గురించీ, వైద్యఖర్చుల బిల్లుల గురించీ వివరంగా చెప్పారు. అంతటి విషయాలు నా దగ్గర లేవు. "ఏదైనా ఇంట్లో పనికివచ్చే సంగతి చెప్పండి" అని కార్యదర్శిగారు అన్నారు కాబట్టి, ఆ హక్కుగా వచ్చిన పెన్షనులోంచి ఇరవై ఎనిమిది వేలు పోబోయి ఆగిన కథ ఒకటి మనవి చేస్తాను. అందులో తప్పు చేసినవాణ్ణి నేనే కాబట్టి ఎవరూ నొచ్చుకోవలసిన పని లేదు.

మనలో కారు కొన్నవాళ్ళు తక్కువ. పిల్లలు కొత్తది కొనుక్కుని పాతది మనకు వదిలిపెట్టినవాళ్ళమే ఎక్కువ. మా ఇంటికీ అలాగే వచ్చింది. దాన్ని షికార్లకు వాడం. మా ఆవిడకు గుండె జబ్బు. నెలకొకసారి గుంటూరు తీసుకువెళ్ళి చూపించాలి. మే నెలలో ఆ ప్రయాణం ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. మేదరమెట్ల దగ్గర హైవే ఎక్కిన తర్వాత రెండువైపులా ఎండిన చేలు, మధ్యన కాలే రోడ్డు. ఆమెకు ఏసీ విలాసం కాదు, మందుబిళ్ళ లాంటిదే.

మొన్న మేలో బయలుదేరినప్పుడు గాలి బ్రహ్మాండంగా ఉంది. మార్టూరు దాటేదాకా చల్లగా వచ్చింది. చిలకలూరిపేట చేరేసరికి గాలి సన్నగిల్లింది. బ్లోయరు మోత వినబడుతోంది, గాలి మాత్రం రావడం లేదు. కాసేపటికి పూర్తిగా ఆగింది. చెట్టు కింద బండి ఆపి, అద్దాలు దించి, ఆమెకు మంచినీళ్ళు తాగించి పావుగంట కూర్చున్నాం. మళ్ళీ వేస్తే మళ్ళీ చల్లగా వచ్చింది! తిరుగు ప్రయాణంలోనూ ఇదే వరస. ఇంటికి వచ్చేసరికి ఆమె కళ్ళు తిరిగి మంచం మీద వాలిపోయింది. ఆ రాత్రి నాకు నిద్రలేదు.

మర్నాడు ఒక వర్క్‌షాపుకు తీసుకువెళ్ళాను. ఊరూ పేరూ అనవసరం. "గ్యాసు అయిపోయింది" అన్నారు, నింపారు. వారం రోజులకు మళ్ళీ అదే జబ్బు. "కంప్రెసరు పోయింది, ఇరవై ఎనిమిది వేలవుతుంది" అని కాగితం రాసిచ్చారు. ఒక్క మాట గుర్తుంచుకోండి. ఏసీలో గ్యాసు పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు. ఎక్కడ కారుతోందో చూడకుండా నింపితే నింపినది కూడా పోతుంది. పైగా మా బండిలో గంటసేపు చల్లగా వస్తోంది. కంప్రెసరు నిజంగా పోతే మొదటి పది నిమిషాలు కూడా చల్లదనం ఉండదు కదా, అని నాకు అనుమానం వచ్చింది. విద్యుత్ బోర్డులో మీటర్ల టెస్టింగులో గడిపిన మనిషిని. అనుమానం వస్తే కొలవకుండా ఉండలేను.

సెన్సారు చేసే పని

ముందు ఆ యంత్రం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. డాష్‌బోర్డు లోపల, ఎడమవైపు సొరుగు వెనకాల, కూలింగ్ కాయిల్ ఉంటుంది. సన్నని అల్యూమినియం రేకుల మధ్య గొట్టాలు. గ్యాసు అందులో ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది. బ్లోయరు గాలి ఆ రేకుల మధ్యనుంచి వచ్చి మనకు చల్లగా తగులుతుంది. గాలిలోని తేమ ఆ రేకుల మీద నీరుగా పడుతుంది. ఏసీ వేసిన కారు కింద నీళ్ళు కారేది అందుకే. కాయిల్ సున్నా డిగ్రీలకంటే కిందికి పోతే ఆ నీరు కారదు, గడ్డకడుతుంది. రేకుల సందులన్నీ మంచుతో పూడిపోతాయి. ఇక గాలి ఎటునుంచి వస్తుంది? బండి ఆపి పావుగంట కూర్చుంటే మంచు కరిగి మళ్ళీ దారి ఇస్తుంది. మాకు జరిగింది అదే.

అలా గడ్డకట్టకుండా చూడడానికి కాయిల్ రేకుల్లో గుచ్చి ఒక చిన్న కాపలాదారుణ్ణి పెడతారు. అదే టెంపరేచర్ సెన్సారు. కాయిల్ సున్నాకు దగ్గరపడగానే అది కంప్యూటరుకు తెలియజేస్తుంది, కంప్యూటరు కంప్రెసరును ఆపుతుంది. కొంచెం వేడెక్కగానే మళ్ళీ నడుపుతుంది. కొత్తరకం బండ్లలో పూర్తిగా ఆపకుండా కంప్రెసరు పనిని తగ్గించే ఏర్పాటు కూడా ఉంది. ఏ రకమైనా కబురు చెప్పేది ఈ సెన్సారే.

ఇదిగో, ఇదే ఆ సెన్సారు. చిక్కుడుగింజంత మొన, రెండు వైర్లు, చివర ఒక ప్లగ్గు. చేతులు మారుస్తూ అందరూ చూడండి. దీని వెల నాకు ఆరువందల యాభై రూపాయలు పడింది. ఎందుకు కొన్నానో తర్వాత చెబుతాను.

లోపల ఉన్నది థర్మిస్టరు. మాంగనీసు, నికెలు, కోబాల్టు వంటి లోహాల ఆక్సైడులను కలిపి కాల్చి చేసిన చిన్న పూస. మన కరెంటువాళ్ళకు తెలిసిన రాగితీగ సంగతి వేరు. రాగి వేడెక్కితే దాని రెసిస్టెన్సు, అంటే నిరోధం, పెరుగుతుంది. అదీ డిగ్రీకి నూటికి 0.4 వంతు కూడా ఉండదు. ఈ పూస తద్విరుద్ధం. వేడెక్కితే నిరోధం తగ్గుతుంది, చల్లబడితే పెరుగుతుంది. అదీ డిగ్రీకి నూటికి సుమారు 4 వంతులు. వేడికి నిరోధం తగ్గే గుణాన్ని మైకేల్ ఫారడే 1833లోనే సిల్వర్ సల్ఫైడులో గమనించాడు. దాన్ని పనికివచ్చే వస్తువుగా అమెరికాలో శామ్యూల్ రూబెన్ 1930 ప్రాంతంలో తయారుచేశాడు. ఇప్పుడు మన ఇంట్లో జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు మొనలోనూ, చాలా ఫ్రిజ్‌లలోనూ ఈ జాతి పూసే ఉంటుంది.

నేను చేసిన తప్పు

మా బండికి సంబంధించిన మరమ్మతు పుస్తకంలో ఇలా ఉంది: సున్నా డిగ్రీల వద్ద 4,600 నుంచి 5,100 ఓములు, 15 డిగ్రీల వద్ద 2,100 నుంచి 2,600 ఓములు, 25 డిగ్రీల వద్ద సుమారు 1,500 ఓములు. ఈ అంకెలు మా బండివి. మీ బండివి వేరుగా ఉండవచ్చు. కొన్ని రకాల్లో 25 డిగ్రీల వద్ద 10,000 ఓములు కూడా ఉంటుంది. ఎవరి బండి పుస్తకం వారు చూసుకోవాలి.

మధ్యాహ్నం రెండు గంటలకు, ఎండలో నిలిపిన బండి తలుపు తీసి, తాళంచెవి తీసేసి, సొరుగు విప్పి, సెన్సారు ప్లగ్గు ఊడదీసి మల్టీమీటరు పెట్టాను. 620 ఓములు! ఉండవలసింది 1,500, ఉన్నది సగంకన్నా తక్కువ. "దొరికింది దొంగ" అనుకున్నాను. కంప్రెసరు పోలేదు, సెన్సారే పోయిందని ఇంటిల్లిపాదికీ చాటాను. బస్సెక్కి ఒంగోలు వెళ్ళి కొత్తది కొనుక్కొచ్చాను.

కొత్తదాన్ని బిగించేముందు వరండాలో కూర్చుని కొలిచాను. 790 ఓములు. బండిలోంచి లాగి తెచ్చిన పాతదాన్ని పక్కనే పెట్టి కొలిచాను. 780. కొత్తది కూడా చెడిపోయినదే ఇచ్చాడని అంగడివాడి మీద మండిపడుతూ సంచీ తీశాను.

మా ఆవిడ మంచం మీదనుంచే అంది: "ఏమండీ, రెండూ ఒకటే చెబుతున్నాయంటే రెండూ అబద్ధమాడుతున్నాయా? మీరు అడగడంలో ఏమన్నా తేడా ఉందేమో చూసుకోండి."

నా ముఖం మీద చన్నీళ్ళు చల్లినట్టయింది. సర్వీసులో ట్రాన్స్‌ఫార్మరు వైండింగు రెసిస్టెన్సు కొలిస్తే, పక్కన ఆ వేళ ఉన్న ఉష్ణోగ్రత రాయకపోతే పై అధికారి రిపోర్టు తిప్పి పంపేవారు. కొలిచిన విలువను 75 డిగ్రీలకు లెక్కకట్టి మార్చి పోల్చేవాళ్ళం. మెగ్గరుతో ఇన్సులేషను కొలిచినా అంతే, ఆయిలు వేడి ఎంతో రాయవలసిందే. ఎందరో కుర్రవాళ్ళకు ఈ పాఠం చెప్పాను. తీరా నా ఇంటి పనికి వచ్చేసరికి 25 డిగ్రీల అంకెను పట్టుకుని అద్దంకి మే నెల ఎండలో కొలిచాను! వరండాలో ఆ వేళ 41 డిగ్రీలుంది. ఆ వేడికి ఈ పూస 780 దగ్గరే ఉండాలి. ఎండలో నిలిపిన బండి డాష్‌బోర్డు లోపల అంతకంటే వేడి కాబట్టి 620 చూపించింది. సెన్సారు నిజమే చెప్పింది. నేనే వేరే ప్రశ్నకు సమాధానం వెదికాను.

సరైన పరీక్ష

ఆ తర్వాత చేసిన పరీక్షను మీ ముందు చేసి చూపిస్తాను. ఫ్లాస్కులో ఐసు తెచ్చాను. ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు.

ఒకటి. ముందు మీటరును పరీక్షించాలి. రెండు వైర్ల మొనలు ఒకదానికొకటి తాకిస్తే సున్నాకు చాలా దగ్గరగా చూపాలి. విడదీస్తే ఎడమవైపు ఒంటరిగా 1 అంకె గాని, "ఓ.ఎల్." అని గాని పడాలి. అంటే అంతులేని నిరోధం. మీటరు బ్యాటరీ నీరసించిపోతే అంకెలు నమ్మవద్దు. మీటను ఓముల భాగంలో 20 వేల దగ్గర పెట్టండి.

రెండు. గదిలో కాసేపు ఉంచిన సెన్సారును గది వేడిలోనే కొలవాలి. ఈ హాలు గోడమీద థర్మామీటరు 27 డిగ్రీలు చూపిస్తోంది. సెన్సారు... చూడండి, 1,380. పుస్తకంలో 25కు 1,500 ఉంది కదా, రెండు డిగ్రీలు ఎక్కువ కాబట్టి ఆమేరకు తగ్గింది. సరిపోయింది. కొలిచేటప్పుడు రెండు మొనలనూ రెండు చేతులతో పట్టుకోకండి. మన ఒంటిగుండా కూడా కరెంటు పోయి అంకె తగ్గుతుంది. పదివేల ఓముల రకం సెన్సారు చల్లగా ఉన్నప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది.

మూడు. ఐసును పొడిచేసి గ్లాసునిండా వేసి, సందులు నిండేటట్టు నీళ్ళు పోసి బాగా కలపాలి. నీరూ ఐసూ కలిసి ఉన్నంతసేపు అది సున్నా డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. అందులో ఉప్పు వేయకూడదు, వేస్తే సున్నాకంటే కిందికి దిగుతుంది. సెన్సారు మొనను పలచని పాలిథిన్ కవరులో పెట్టి, గాలి లేకుండా నొక్కి ముంచండి. ప్లగ్గు తడవకూడదు. ఇదిగో, 1,380... 2,000 దాటింది... 3,000... ఇంకా పెరుగుతోంది. తొందరపడకూడదు. అంకె నిలిచేదాకా ఐదారు నిమిషాలు ఆగాలి. ఈలోగా మిగతాది చెబుతాను.

నాలుగు. వేడి వైపు కూడా ఒకసారి చూడాలి. గోరువెచ్చని నీటిలో డిజిటల్ జ్వరం థర్మామీటరు పెట్టి 104 ఫారన్‌హీటు వచ్చేదాకా చన్నీళ్ళూ వేణ్ణీళ్ళూ కలుపుకోండి. అది 40 డిగ్రీల సెల్సియస్. మా సెన్సారు అక్కడ 800 పైచిలుకు చూపింది. పాదరసం థర్మామీటరు మాత్రం వాడకండి, నీరు కాస్త ఎక్కువ వేడి అయినా పగులుతుంది.

ఐదు. అంకె ఎక్కడికి చేరిందన్నదే కాదు, ఎలా నడిచిందన్నదీ చూడాలి. చల్లబరుస్తుంటే నిదానంగా ఎక్కాలి, వేడిచేస్తుంటే నిదానంగా దిగాలి. మధ్యలో ఎగిరి గంతేసినా, వైరు కదిపితే మారినా లోపల విరుగుడు ఉన్నట్టు. చల్లార్చినా వేడిచేసినా ఒకే అంకె దగ్గర మొండికేసినా పనికిరాదు. అంతులేని నిరోధం చూపితే వైరు తెగింది. కంప్యూటరు దాన్ని విపరీతమైన చలిగా అర్థం చేసుకుని కంప్రెసరును నడవనివ్వదు. సున్నా చూపితే వైర్లు కలిసిపోయాయి. అప్పుడు విపరీతమైన వేడి అనుకుంటుంది. చాలా బండ్లలో ఇలాంటి అసంభవమైన అంకెలు వస్తే కంప్యూటరు తప్పు గుర్తించి ఏసీనే ఆపేస్తుంది.

ఇప్పుడు గ్లాసు చూడండి. 4,800 దగ్గర నిలిచింది. పుస్తకంలో సున్నాకు 4,600 నుంచి 5,100. పరీక్ష పాసయినట్టే.

అసలు తప్పు ఎక్కడ?

ఆ రోజు మా పాత సెన్సారు కూడా ఐసులో సరిగ్గా ఇలాగే పాసయింది. కంప్రెసరు బాగుంది, సెన్సారు బాగుంది, మంచు మాత్రం కడుతోంది. మర్నాడు మన ఊళ్ళో బండ్లు బాగుచేసే ఒక కుర్రవాణ్ణి పిలిచాను. అతను టార్చిలైటు వేసి చూసి నవ్వాడు. "ఏఈ గారూ, దీన్ని ఎక్కడినుంచి తీశారు?" అన్నాడు. "వేలాడుతుంటే లాగాను" అన్నాను. "అదేనండీ జబ్బు. వేలాడకూడదు. రేకుల్లో గుచ్చి ఉండాలి" అన్నాడు.

ఎప్పుడో కాయిల్ శుభ్రం చేసినప్పుడు దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు విరిగింది. సెన్సారు రేకుల్లోంచి జారి పక్కన గాలిలో వేలాడుతోంది. కాయిల్ గడ్డకడుతున్నా దానికి తగిలేది వెచ్చటి గాలే. "ఇంకా చల్లబడలేదు" అనే కబురే అది చెబుతూ వచ్చింది. కంప్రెసరు ఆగకుండా నడిచింది. కొత్త క్లిప్పు పెట్టి పాత సెన్సారునే దాని చోట గుచ్చాడు. అతను అడిగింది రెండు వందలు, నేను మూడు వందలిచ్చాను. జూన్ నెల ప్రయాణంలో గుంటూరుదాకా ఒకేలా చల్లని గాలి వచ్చింది. మా ఆవిడ చిలకలూరిపేట దగ్గర హాయిగా నిద్రపోయింది. ఒంగోలు అంగడిలో కరెంటు సామాను వాపసు తీసుకోరు కాబట్టి ఆరువందల యాభై రూపాయల కొత్త సెన్సారు మీ చేతుల్లో తిరుగుతోంది!

వర్క్‌షాపువాళ్ళు మోసగాళ్ళని నేను అనను. వాళ్ళు కొలవలేదు, అంతే. నేను కొలిచాను గాని సగమే కొలిచాను. రెండింటివల్లా నష్టమే. కొలవనివాడు ఇరవై ఎనిమిది వేలు రాశాడు. సగం కొలిచినవాడు ఆరువందల యాభై పారేశాడు. సెన్సారు ఏమి చెబుతోందన్నదొకటి, ఏ వేడిలో చెబుతోందన్నదొకటి, ఎక్కడ కూర్చుని చెబుతోందన్నదొకటి. మూడూ తెలిస్తేనే ఆ అంకెకు అర్థం.

కొన్ని జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. బండి తాళంచెవి తీసేసి, ప్లగ్గు ఊడదీసిన తర్వాతే ఓములు కొలవాలి. కరెంటు ఉన్న తీగమీద ఓముల మీటరు పెడితే అంకె తప్పు వస్తుంది, మీటరూ పోవచ్చు. డాష్‌బోర్డు కింద పసుపుపచ్చ తొడుగు ఉన్న వైర్లు, ప్లగ్గులు కనబడితే వాటి జోలికి పోవద్దు. అవి ఎయిర్‌బ్యాగువి. మీటరు పెడితే అది పేలే ప్రమాదం ఉంది. గ్యాసు గొట్టాల నట్లు ఇంట్లో విప్పవద్దు. బిగువుతో ఉన్న గ్యాసు చర్మానికి తగిలితే గడ్డకట్టిస్తుంది, కళ్ళకు మరీ ప్రమాదం. రోజుల తరబడి కదలని బండిలో ఎలుకలు చేరి వైర్లు కొరుకుతాయి. సెన్సారు బాగుండి కూడా జబ్బు తీరకపోతే వైర్లను వెదికించండి. వంగి చూడలేనివారు పిల్లల చేత చేయించండి, అంకెలు మాత్రం మీరు చదవండి.

మెకానిక్కు దగ్గరకు వెళ్ళినప్పుడు పోట్లాడవద్దు. రెండే ప్రశ్నలు అడగండి: "కొలిచావా నాయనా? ఎంత వేడిలో ఎంత వచ్చింది?" జవాబు చెప్పగలిగినవాడికి సంతోషంగా డబ్బివ్వండి. పెద్ద ఖర్చు చెప్పినప్పుడు ఒక్కరోజు ఆగి రెండో మనిషికి చూపించండి. మన పెన్షనులో ఒక్కొక్క వెయ్యి రూపాయలూ ఎవరో ఒకరి మందుల ఖర్చు.

చివరగా ఒక మాట. పండరంగని శాసనం మన ఊరిది. తొమ్మిదో శతాబ్దంలో రాతిమీద చెక్కబట్టే తెలుగు పద్యం ఇన్ని వందల ఏళ్ళు నిలిచింది. మనకు రాయి అక్కరలేదు, బండి కాగితాలతో పాటు ఒక చిన్న నోటుపుస్తకం చాలు. ఏ తేదీన, ఎంత వేడిలో, ఎన్ని ఓములు వచ్చిందో రాసిపెట్టండి. మన తర్వాత ఆ బండి నడిపే పిల్లలకు అది పనికివస్తుంది.

 మీటరు ఇక్కడే ఉంటుంది. భోజనాల తర్వాత ఎవరికి కావాలన్నా మరోసారి చేసి చూపిస్తాను. సెలవు.